కార్తె చూసే పువ్వు, తిథి చూసే పండగ

మార్చి నెలాఖరు వచ్చేసరికి ప్రొద్దుటూరులో, ఆదోనిలో, నంద్యాలలో చాలామంది అమ్మల ఫోన్లు తులిప్ పూలతో నిండిపోతాయి. సియాటిల్‌లో ఉద్యోగం చేసే కొడుకు సెలవురోజు స్కాగిట్ లోయకు వెళ్లి ఫొటోలు పంపుతాడు. నెదర్లాండ్స్‌లో చదువుకునే కూతురు క్యూకెన్‌హాఫ్ తోటలో నిలబడి వీడియో కాల్ చేస్తుంది. ఇంకెవరో బంధువులు శ్రీనగర్ యాత్రకు వెళ్లి, దాల్ సరస్సుకు ఎదురుగా కొండ కింద చీరలు ఆరేసినట్టున్న ఎరుపు, పసుపు వరసల ముందు ఫొటో దిగుతారు. ఇక్కడ అప్పటికే ఎండ నలభై డిగ్రీలకు చేరువవుతుంటుంది. మిద్దె మీది కుండీలకు రెండు పూటలా నీళ్లు పోసే తల్లి ఆ ఫొటోలు చూసి ఒక్కటే అడుగుతుంది: ఈ పువ్వు మన దగ్గర పూస్తుందా?

ఆ ప్రశ్నకు ఉన్నదున్నట్టు జవాబు చెప్పేవాళ్లకన్నా, దాన్ని అడ్డం పెట్టుకొని సరుకు అమ్మేవాళ్లే ఎక్కువ. ఆన్‌లైన్ అంగళ్లలో తులిప్ విత్తనాల పేరుతో పొట్లాలు దొరుకుతాయి. పొట్లం మీద నీలం, ఊదా, ఇంద్రధనుస్సు రంగుల బొమ్మలుంటాయి. తులిప్‌ను విత్తనం నుంచి పెంచితే మొదటి పువ్వు చూడటానికి నాలుగు నుంచి ఏడేళ్లు పడుతుంది. అదీ చలి ముదిరే దేశంలో. ప్రపంచంలో పేరున్న తులిప్ తోటలన్నీ గడ్డలు నాటి పెంచినవే. కర్నూలు ఎండలో ఆ పొట్లం చింపి మట్టిలో చల్లిన ఇల్లాలికి చివరికి మిగిలేది తడిసిన మట్టి.

అసలు తులిప్ పూతకు ఏం కావాలో తెలిస్తే ఈ మోసానికి తావుండదు. రాయలసీమలో ఉల్లిని ఎర్రగడ్డ అంటారు, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటారు. తులిప్ కూడా అచ్చం అలాంటి పొరల గడ్డే. రెండో ప్రపంచ యుద్ధం చివర, 1944-45 చలికాలంలో తిండి దొరక్క డచ్చివాళ్లు తులిప్ గడ్డలనే ఉడికించుకొని తిన్నారు. ఆ గడ్డ లోపల, పొరల నడుమ, వచ్చే ఏడాది పువ్వు ముందే తయారై ఉంటుంది. వేసవిలో గడ్డను తవ్వి ఆరబెట్టి ఉంచిన రోజుల్లోనే రేకులు, కేసరాలు చిన్న రూపంలో ఏర్పడతాయి. ఆ పువ్వు బయటికి రావాలంటే మాత్రం కాడ సాగాలి. కాడ సాగాలంటే చలి కావాలి. సుమారు తొమ్మిది డిగ్రీలకు మించని చలిలో 12 నుంచి 16 వారాలు గడిచాకే గడ్డలో దాచిన పిండి చక్కెరగా మారి, కాడ నిక్కి, మొగ్గ పైకొస్తుంది. అందుకే చలిదేశాల్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా గడ్డలు నాటుతారు. మంచు కింద అవి చలికాలమంతా గడిపి, మార్చి నుంచి మే దాకా రకాన్ని బట్టి పూస్తాయి.

కర్నూలు, కడపల్లో డిసెంబరు, జనవరి రాత్రులు కూడా మామూలుగా పదిహేను, పదిహేడు డిగ్రీల దగ్గర ఆగిపోతాయి. తెల్లవారితే మళ్లీ ముప్పైకి ఎగబాకుతాయి. ఇంత వెచ్చని నేలలో పాతిన తులిప్ గడ్డ ఆకులు వేస్తుంది. కాడ మాత్రం జానెడు కూడా లేవదు. మొగ్గ ఆకుల మధ్యే ఎండిపోతుంది. ఎరువు మార్చినా, మట్టి మార్చినా, ఎంత శ్రద్ధగా నీళ్లు పోసినా ఫలితం మారదు. లోపం ఆ ఇల్లాలి చేతిలో లేదు. గడ్డ ఎదురుచూసిన చలికాలం ఈ నేలకు రాదు.

ఢిల్లీ సంగతి వేరు కదా అని కొందరు అంటారు. నిజమే, దేశ రాజధానిలో శాంతిపథ్ పొడవునా కొన్నేళ్లుగా తులిప్‌లు పూస్తున్నాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడ తులిప్ ఉత్సవం కూడా జరిపారు. ఆ గడ్డలు నెదర్లాండ్స్ నుంచి చలి పట్టించుకునే వస్తాయి. డిసెంబరు చివర నాటితే ఫిబ్రవరిలో పూసి, రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. మరుసటి ఏడాదికి మళ్లీ కొత్త గడ్డలు కొనాలి. ఈ దిగుమతి తగ్గించాలనే హిమాచల్‌ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో ఉన్న హిమాలయ జీవవనరుల సాంకేతిక సంస్థ దేశంలోనే గడ్డలు పెంచే పని మొదలుపెట్టింది. పాలంపూర్‌కు హిమాలయం అండ ఉంది. ఆ అండ నల్లమలకు లేదు, ఎర్రమలకు లేదు, పాలకొండలకు లేదు.

తులిప్ మీద మనసుపడటంలో తప్పేమీ లేదు. అందమైన పువ్వును చూసి మన వాకిట్లో కూడా ఉంటే బాగుండు అనుకోని తెలుగు ఇల్లు ఉండదు. 1981లో ‘సిల్‌సిలా’ సినిమాలో క్యూకెన్‌హాఫ్ తులిప్ మళ్లను తెరమీద చూసిన తరం ఆ రంగులను ఇంకా మరిచిపోలేదు. అయితే రాయలసీమ ఆ పువ్వు నుంచి తెచ్చుకోవలసింది గడ్డ కాదు. ఆ పువ్వు చుట్టూ అక్కడివాళ్లు కూడబెట్టిన తేదీల లెక్కను తెచ్చుకోవాలి. ఏ గడ్డ ఏ వారం నాటితే ఏ వారం పూస్తుందో వాళ్లకు తెలుసు. ఆ తెలివిడి మీదే వాళ్ల వ్యాపారం, పర్యాటకం, పేరు అన్నీ నిలబడ్డాయి.

తులిప్ పుట్టిల్లు నెదర్లాండ్స్ కానే కాదు. మధ్య ఆసియాలోని పామీర్, తియాన్‌షాన్ కొండల్లో అది అడవిపువ్వు. అక్కడి నుంచి తురుష్కుల తోటలకు చేరింది. ఒట్టోమన్ సుల్తాను మూడో అహ్మద్ ఏలుబడిలో 1718 నుంచి 1730 దాకా నడిచిన కాలాన్ని చరిత్రకారులు తులిప్ యుగమనే పిలుస్తారు. అంతకు చాలా ముందే, 1593లో, కరోలస్ క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లైడెన్ విశ్వవిద్యాలయం తోటలో తులిప్ గడ్డలు నాటించాడు. మరుసటి వసంతంలో అవి పూశాయి. నలభై ఏళ్లు తిరిగేసరికి ఒక్కో గడ్డకు ఇల్లు కొనేంత ధర పలికి, 1637 ఫిబ్రవరిలో ఆ బేరం ఒక్కసారిగా కుప్పకూలింది. ఆ దెబ్బ తర్వాత కూడా డచ్చివాళ్లు పువ్వును వదల్లేదు. తమ చలి, తమ ఇసుకనేల ఆ గడ్డకు సరిపోతాయని గ్రహించి, వందల ఏళ్లపాటు రకాలను ఎంచుకుంటూ పోయారు. 1950లో తెరిచిన క్యూకెన్‌హాఫ్‌లో ఏటా 70 లక్షల గడ్డలు చేత్తో నాటుతారు. ముందు పూసేవి, నడుమ పూసేవి, ఆలస్యంగా పూసేవి లెక్కగా కలిపి నాటడం వల్లే రెండు నెలలపాటు అక్కడ ఏదో ఒక మడి విచ్చుకునే ఉంటుంది.

కశ్మీర్ అదే పాఠం చదువుకుంది. శ్రీనగర్‌లో జబర్వాన్ కొండ కింద, సిరాజ్‌బాగ్ అని పిలిచే చోట, సుమారు 30 హెక్టార్లలో ఇందిరాగాంధీ స్మారక తులిప్ తోటను 2007లో తెరిచారు. మార్చి చివర తలుపులు తీస్తే నెలరోజుల్లో పూత ముగుస్తుంది. 15 లక్షలకు పైగా గడ్డల్లో దఫదఫాలుగా పూసే రకాలను ఎంచి నాటడం వల్లే ఆ నెలైనా దక్కుతోంది. అంత తక్కువ కాలమే అయినా, వేసవికి గాని మొదలుకాని పర్యాటకం రెండు అడుగులు ముందుకు జరిగింది.

మరి రాయలసీమ వేడికి, కరువుకు సరిపోయే గడ్డపూలు లేవా? ఉన్నాయి. చూసే కళ్లే తగ్గిపోయాయి.

ఇంటి పెరట్లో కుళాయి పక్కన, కరివేపాకు చెట్టు కింద, చాలామంది మే పువ్వు గడ్డ నాటుకుంటారు. ఏడాదిలో సగం కాలం అది ఉందో లేదో తెలియదు. చలికాలంలో ఆకు ఎండి, గడ్డ నేలలో నిద్రపోతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ కార్తెకు కాస్త ముందూ వెనుకగా, మబ్బుపట్టి నాలుగు చినుకులు పడగానే, బోసినేలను చీల్చుకొని లావాటి కాడ లేస్తుంది. కాడ కొసన వందకు పైగా సన్నని ఎర్రపూలు ఒక్క బంతిలా విచ్చుకుంటాయి. వారం, పదిరోజులు ఉండి వాలిపోతాయి. ఆ తర్వాత ఆకులు సాగి, వానాకాలమంతా వచ్చే ఏటి పువ్వు కోసం గడ్డను బలపరుస్తాయి. ఇదీ ఆఫ్రికా నుంచి వచ్చిన మొక్కే. అయితే దాని పుట్టింటి వాతావరణం మన మే నెలను పోలి ఉంటుంది కాబట్టి అది ఇక్కడ సొంతింట్లోలా పూస్తుంది. తులిప్‌కు చలి ఏ పని చేస్తుందో, దీనికి ఎండు విశ్రాంతి ఆ పని చేస్తుంది.

కొండల్లో ఇంకా పాతకాపులు ఉన్నారు. రాతిగుట్టల మీద పెరిగే అడవి ఉల్లి, కొందరు నక్క ఉల్లిగడ్డ అంటారు, నడివేసవిలో ఆకు ఒక్కటి లేకుండా పొడవాటి కాడ మీద పూస్తుంది. ఆ పూలు సాయంత్రం దాటాక విచ్చుకుంటాయి. వానలు పడ్డాకే ఆకు వస్తుంది. నల్లమల, శేషాచలం అడవుల అంచుల్లో కంచెలకు అల్లుకునే నాభి మొక్క తొలకరికి మొలిచి, భాద్రపదం, ఆశ్వయుజం రోజుల్లో పూస్తుంది. ముందు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా, ఆపైన మంటలా ఎర్రగా మారే ఆ పువ్వునే అగ్నిశిఖ అంటారు. తమిళనాడు దాన్ని రాష్ట్ర పుష్పంగా పెట్టుకుంది. అక్కడి దిండుగల్లు, కరూరు ప్రాంతాల రైతులు దాని గింజల కోసమే పందిళ్లు వేసి సాగు చేస్తారు. ఆ గింజల్లోని కోల్చిసిన్ గౌట్ అనే కీళ్లజబ్బుకు మందు. మోతాదు తప్పితే అదే ప్రాణం తీసే విషం. అందుకే పిల్లలు తిరిగే పెరట్లో నాభి గడ్డ పెట్టకూడదు. దాన్ని అడవి నుంచి తవ్వి తేవడం మరింత తప్పు. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించింది ఇలాంటి మొక్కలన్నీ బతకాలనే.

పెరటిపూలు, అడవిపూలు ఇంటికీ కంటికీ. సేద్యానికి పనికొచ్చే గడ్డపువ్వు ఇంకొకటుంది. బజారులో లిల్లీ అని, పాతవాళ్లు నేలసంపెంగ అని పిలిచే తెల్లపువ్వు అది. మెక్సికో నుంచి వచ్చి ఎన్నో తరాలుగా మన దండల్లో కలిసిపోయింది. దీనికి మంచు అక్కర్లేదు. ఇరవై నుంచి ముప్పై డిగ్రీల వేడిలో హాయిగా పెరుగుతుంది, అంతకు మించినా నీటితడి అందితే తట్టుకుంటుంది. గోలీకాయంత గడ్డను కొన్ని వారాలు నీడలో ఆరనిచ్చి నాటితే దాదాపు మూడు నెలలకు తొలికాడ వస్తుంది. ఆ తర్వాత ఏడాది పొడవునా విడతలు విడతలుగా పూస్తుంది. ఒకసారి నాటిన మడిని మూడేళ్లు ఉంచుకోవచ్చు. సాయంత్రం విచ్చే పువ్వు కనుక రాత్రే వాసన గుప్పుమంటుంది. కోత కోసేవాళ్లు తెల్లవారకముందే నెత్తికి లైట్లు కట్టుకొని తోటలోకి దిగుతారు.

బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ పువ్వులో శృంగార్, సువాసిని, ప్రజ్వల్, వైభవ్ అనే రకాలు విడుదల చేసింది. ఒంటిరేకల శృంగార్, ప్రజ్వల్ దండలకు పనికొస్తాయి. ముద్దగా పూసే సువాసిని, వైభవ్‌లను కాడతో కోసి అమ్మవచ్చు. ఈ పంటకు పెద్ద శత్రువు వేరుముడి నులిపురుగు. శృంగార్ దాన్ని కొంత తట్టుకుంటుంది. ఇంత విషయం తెలిసిన సంస్థ కర్నూలుకు ఒక రాత్రి ప్రయాణం దూరంలోనే ఉంది. అయినా లిల్లీ వేయాలనుకున్న కడప రైతు ఇవాళ గడ్డలు ఎక్కడ తెచ్చుకుంటాడు? పక్క ఊరి తోట తీసేసినవాళ్ల దగ్గర. ఆ తోటలో నులిపురుగు ఉంటే గడ్డతోపాటు అదీ కొత్త మడికి వస్తుంది. రెండో ఏడాదికల్లా కాడలు సన్నబడి, ఈ నేలకు లిల్లీ పడదని రైతు పంట మార్చేస్తాడు. పడనిది నేలకు కాదు. శుభ్రమైన గడ్డ దొరకకపోవడమే అసలు లోటు.

పూలకు గిరాకీ లేదనే మాట ఇక్కడ చెల్లదు. నంద్యాల జిల్లాలోకి వెళ్లిన శ్రీశైలంలో శివరాత్రి, మహానందిలో కార్తికం, ఒంటిమిట్టలో పున్నమి వెన్నెల్లో జరిగే కోదండరాముడి కల్యాణం, ఇవన్నీ పూల పండగలే. తిరుమల కొండకు గడప అని పేరుపడ్డ దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు వెంకన్న దర్శనానికి బారులు తీరతాయి. అదే ఊళ్లో అమీన్‌పీర్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ పూలచాదర్లు మోసుకెళ్తారు. గుడికైనా దర్గాకైనా పువ్వు ఒకే గంపలోంచి వస్తుంది. ఆ గంప నింపే రైతు, మూరల లెక్కన దండ కట్టే ఆడవాళ్లు, తెల్లవారుజామున బస్సు టాపు మీద మూటలు వేసే కూలీలు, వీళ్లందరి ఆదాయం ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. పువ్వు సరైన రోజున విచ్చిందా లేదా అన్నదే ఆ విషయం.

అసలు చిక్కు అక్కడే ఉంది. తెలుగువాడికి రెండు కాలెండర్లున్నాయి. సేద్యానికి కార్తెలు, పండగకు తిథులు. కార్తె సూర్యుణ్ని బట్టి నడుస్తుంది. సూర్యుడు ఒక్కో నక్షత్రాన్ని దాటే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక్కో కార్తె. అందుకే రోహిణి ఏటా మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో వస్తాయి. పండగ తిథి చంద్రుణ్ని బట్టి నడుస్తుంది. చాంద్రమాన సంవత్సరం పదకొండు రోజులు పొట్టిది. ఆ తేడా పోగుపడినప్పుడు అధికమాసం వచ్చి సర్దుతుంది. వరలక్ష్మీవ్రతం 2023లో ఆగస్టు 25న, 2024లో ఆగస్టు 16న, 2025లో ఆగస్టు 8న వచ్చింది. మూడేళ్లలో పదిహేడు రోజులు ముందుకు జరిగిందన్నమాట. విజయదశమి 2024లో అక్టోబరు 12, 2025లో అక్టోబరు 2.

పువ్వుకు తిథి తెలియదు. అది ఎండను, వానను, రాత్రి నిడివిని చూసుకుంటుంది, అంటే కార్తెనే చూసుకుంటుంది. బజారు మాత్రం తిథినే చూస్తుంది. ఈ రెంటి మధ్య జారిపోయే రెండు మూడు వారాల్లోనే పూలరైతు నష్టమంతా దాగి ఉంది. పండగకు ముందు రెండు రోజులు గంపకు పోటీపడ్డ వ్యాపారి, పండగ మరునాడు అదే పువ్వును కన్నెత్తి చూడడు. వారం ఆలస్యంగా విచ్చిన చామంతిని కోతకూలి కూడా రాదని గట్టు మీద పారబోసిన రైతులు ప్రతి మండలంలోనూ కనిపిస్తారు.

చామంతి ఇందుకు సరైన ఉదాహరణ. రాయలసీమలో మృగశిర, ఆరుద్ర కార్తెల్లో పిలకలు నాటితే చలికాలం వైపు పూత ఊపందుకుంటుంది. కారణం చామంతి రాత్రిని కొలుస్తుంది. 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు ఈ సంగతి బయటపెట్టారు. వాళ్లు గమనించింది నంద్యాల రైతుకు బాగా తెలిసిన పొగాకు మొక్కనే. వేసవిలో ఎంత ఎత్తు పెరిగినా పూత పట్టని ఒక రకం పొగాకు, పగలు తగ్గి రాత్రి పెరిగాకే పూసింది. చామంతిదీ అదే తీరు. కడప అక్షాంశంలో ఎండాకాలపు పగలు రమారమి 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటల పదిహేను నిమిషాలు. చూడటానికి చిన్న తేడా, కానీ మొక్కకు అది చాలు.

ఈ రహస్యం పట్టుకున్న పొరుగు రైతులు రాత్రినే తమకు అనుకూలంగా మార్చుకున్నారు. చిక్కబళ్లాపురం, కోలారు వైపు రాత్రిపూట బస్సులో వెళ్తుంటే పొలాల్లో వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. అవి చామంతి తోటలు. అర్ధరాత్రి కొన్ని గంటలు వెలుతురు పడితే మొక్క రాత్రిని పొట్టిదనుకొని మొగ్గ కట్టడం ఆపుతుంది, కొమ్మలు వేస్తూ బలపడుతుంది. బల్బులు ఆర్పిన నాటి నుంచి, రకాన్ని బట్టి ఏడు నుంచి పన్నెండు వారాలకు పువ్వు చేతికొస్తుంది. అంటే పండగ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, ఏ రాత్రి స్విచ్చి ఆపాలో రైతు ముందే నిర్ణయించుకోవచ్చు. క్యూకెన్‌హాఫ్ తోటమాలి శరదృతువులో గడ్డలు నాటేటప్పుడు చేసే లెక్కా, చిక్కబళ్లాపురం రైతు బల్బు ఆపేటప్పుడు చేసే లెక్కా ఒక్కటే.

బంతి లెక్క ఇంకా సులువు. నారు పోసిన నెలకు నాటు, నాటిన రెండు నెలలకు కాస్త అటూఇటుగా నిండుపూత. దసరా ఏ తేదీన వస్తుందో పంచాంగంలో ఉగాదికే తెలుస్తుంది. అక్కడి నుంచి మూడు నెలలు వెనక్కి వెళ్తే నారు పోసే రోజు తెలిసిపోతుంది. ఇంత చిన్న లెక్క కూడా చాలా ఊళ్లలో పోయినేటి అలవాటు మీదే నడుస్తోంది. పోయినేడు పండగ అక్టోబరు 12, ఈసారి అక్టోబరు 2 అయితే, అలవాటు ప్రకారం వేసిన తోట పండగ దాటాక పూస్తుంది.

ఈ వ్యాసం అడిగేది పెద్ద ఖర్చులు కాదు. మొదటిది, ఒక్క కాగితం. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా నడుస్తున్న ప్రతి గ్రామ కేంద్రం గోడ మీద ఏటా ఉగాదికల్లా ఒక పూల పట్టిక అంటించాలి. ఆ ఏడాది వరలక్ష్మీవ్రతం, వినాయక చవితి, దసరా, కార్తికం, సంక్రాంతి, శివరాత్రి తేదీలు ఒక వైపు, వాటికి పూలు అందాలంటే బంతి నారు, చామంతి పిలక, లిల్లీ గడ్డ నాటాల్సిన కార్తెలు మరోవైపు. 2007లో ఏర్పడ్డ డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి మహానందిలో పరిశోధన స్థానముంది, రైల్వేకోడూరు దగ్గర అనంతరాజుపేటలో కళాశాల ఉంది. ఈ రెండు చోట్లా నాలుగైదు రకాలను నెలకో దఫా నాటి, ఏది ఎన్ని రోజులకు పూసిందో రాసుకుంటే, రెండేళ్లలో ఈ నేలకు చెందిన సొంత లెక్క తయారవుతుంది. బెంగళూరు రోజుల లెక్క కర్నూలు ఎండకు సరిపోదు.

రెండోది, శుభ్రమైన గడ్డ. సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 నాటి మార్గదర్శకాల్లో గడ్డపూల సాగుకు హెక్టారుకు లక్షన్నర రూపాయల ఖర్చు లెక్కగట్టి, చిన్న, సన్నకారు రైతులకు అందులో 40 శాతం సాయం ఇవ్వాలన్నారు. విడిపూలకు లెక్కగట్టింది హెక్టారుకు 40 వేలే. గడ్డపూలకు ఖర్చు ఎక్కువని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు, ఆ సాయంతో కొనే గడ్డ నులిపురుగు లేనిదని హామీ ఇచ్చే నర్సరీ జిల్లాకు ఒకటైనా ఉండాలి. లేకపోతే సాయం పురుగుకే చేరుతుంది.

మూడోది, చల్లని గది. తులిప్ గడ్డకు చలి కావాలి, మన పువ్వుకు కోశాక చలి కావాలి. కర్నూలు ఎర్రగడ్డ రైతుకు, పత్తికొండ టమాటా రైతుకు నిల్వ లేక జరిగే నష్టం అందరికీ తెలుసు. పువ్వు వాటికన్నా సుకుమారం. తెల్లవారుజామున కోసిన చామంతి మధ్యాహ్నం ఎండలో సంత దగ్గర మూటలో ఉడికిపోతుంది. కర్నూలు, కడప పూల మార్కెట్ల దగ్గర చిన్నపాటి శీతల గది ఉన్నా, రెండు మూడు రోజులు ముందొచ్చిన పూత పండగ దాకా నిలుస్తుంది.

వానలే సరిగా కురవని సీమలో పూలకు నీళ్లెక్కడివని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే అది మంచి ఏడు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు-కడప కాలువ నీళ్లు అందే ఊళ్లు కొన్నే, మిగిలినవన్నీ బోరు మీద బతికేవి. అయితే వరి మడికి పారే నీళ్లతో పోలిస్తే డ్రిప్పు కింద పూలమడికి పట్టేవి చాలా తక్కువ. రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం 2003లోనే మొదలైంది, పైపులు వాడటం సీమ రైతుకు కొత్త కాదు. ఎకరం మొత్తం అక్కర్లేదు, ఇరవై సెంట్ల పూలమడి కూడా ఇంటి ఆడవాళ్ల చేతికి ప్రతిరోజూ డబ్బు తెస్తుంది. సీమ పల్లెలో రోజువారీ రొక్కం ఇచ్చే పంట పాలు కాకుండా ఇంకేముంది?

పాలీహౌస్ కట్టి, లోపల చల్లబరిచి, తులిప్‌నే పండించవచ్చు కదా అని చెప్పేవాళ్లూ ఉన్నారు. పండించవచ్చు. ఏటా గడ్డలు విదేశాల నుంచి కొని, కరెంటుతో చలి పుట్టించి, మూడు వారాల పువ్వు కోయవచ్చు. గడ్డ మళ్లీ పనికిరాదు, ఆ ఖర్చు ఏటా మళ్లీ మొదటికి వస్తుంది. లిల్లీ గడ్డ మూడేళ్లు పూసి, తీసేటప్పుడు ఒక్కటి పదై చేతికొస్తుంది. అప్పుచేసి సేద్యం చేసే రైతుకు ఏది చెప్పాలో అధికారులు గుండె మీద చెయ్యి వేసుకొని ఆలోచించాలి.

అంతగా తులిప్ చూడాలన్న కోరిక ఉంటే బడిపిల్లలతో ఒక ప్రయోగం చేయించవచ్చు. నమ్మకమైన చోట గడ్డలు కొని, కాగితం సంచిలో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో 12 నుంచి 14 వారాలు ఉంచాలి. పక్కన అరటిపండ్లు, ఆపిల్ పండ్లు ఉండకూడదు. పండే కాయల నుంచి వచ్చే ఎథిలీన్ వాయువు గడ్డలోని పువ్వును చంపేస్తుంది. డిసెంబరు చివర కుండీలో నాటి, నీడపట్టున పెడితే జనవరిలో పూత చూడొచ్చు. అదే వరండాలో పక్కనే మే పువ్వు గడ్డ ఒకటి నాటాలి. చలి తగిలితే లేచే గడ్డ ఏదో, ఎండకు ఎండి చినుకుకు లేచే గడ్డ ఏదో పిల్లలు తమ నోటుపుస్తకంలో తేదీలు వేసి రాసుకుంటారు. వాళ్లలో సగం మంది పూలు, కూరగాయలు పండించే ఇళ్ల పిల్లలే. నాటిన రోజు, మొలిచిన రోజు, మొగ్గ వేసిన రోజు, విచ్చిన రోజు అని నాలుగు గడులు గీసుకోవడం అక్కడ నేర్చుకుంటే, అదే అలవాటు ఇంటి తోటకూ వెళ్తుంది.

అధికారుల చేతిలో ఉన్న పని కూడా అంతే, నాలుగు గడుల పట్టిక. వచ్చే ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగిన రోజే, కడప, కర్నూలు, నంద్యాల, అన్నమయ్య జిల్లాల రైతు సేవా కేంద్రాల గోడలకు ఆ కాగితం ఎక్కాలి. మృగశిరకు చామంతి పిలక నాటబోయే రైతు, చేతిలో పార పట్టుకొని ముందు ఆ గోడ దగ్గరికి వెళ్లి, ఈసారి దసరా ఎప్పుడో చూసుకొని తోటకు పోవాలి.